ఇంటిపేరు కలిసిన ప్రొటీన్లు

కోతుల్లో కేన్సర్ తెప్పించే వైరస్ ఒకటుంది. దానిలోని సిస్ అనే జన్యువు ఆరోగ్యంగా ఉన్న కణాన్ని పట్టి కేన్సర్ కణంగా ఎలా మారుస్తుందో 1983 వేసవి దాకా ఎవరికీ అంతుపట్టలేదు. గాయమైన చోట కొత్త కణాలు పుట్టుకొచ్చేలా మన రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒక ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. దానిలోని అమైనో ఆమ్లాల వరస కొంతమేర ఆ ఏడాదే వెలువడింది. అచ్చయిన ప్రొటీన్ వరసలను ఏరి కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టుకోవడం శాన్ డియాగోలోని రసెల్ డూలిటిల్‌కు అప్పటికే అలవాటు. కొత్త వరసను తన దగ్గరున్న వాటితో పోల్చి చూస్తే, వైరస్ జన్యువు తయారుచేసే ప్రొటీనూ ప్లేట్‌లెట్ల ప్రొటీనూ అక్షరం వెంట అక్షరం దాదాపుగా కలిసిపోయాయి. లండన్‌లో మైకేల్ వాటర్‌ఫీల్డ్ బృందం కూడా అదే నెలలో అదే సంగతి ప్రచురించింది. పెరుగుదలకు సంకేతమిచ్చే జన్యువును వైరస్ ఎప్పుడో ఒక జంతువు దగ్గర్నుంచి ఎత్తుకొచ్చింది. ఆ సంకేతాన్ని ఇప్పుడు వేళాపాళా లేకుండా పంపుతోంది, కణం ఆగకుండా విభజన చెందుతోంది. మన సొంత జన్యువులు దారితప్పడం వల్లే కేన్సర్ వస్తుందన్న ఆలోచనకు అంత బలమైన సాక్ష్యం, అక్షరాల వరసలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూసినందుకు దొరికింది.

ఆ రోజుల్లో అలా పోల్చి చూడటం ఒకరిద్దరి ప్రత్యేక విద్య. 1965లో మార్గరెట్ డేహాఫ్ తొలిసారి ప్రొటీన్ వరసలన్నిటినీ ఒక పుస్తకంగా వేస్తే అందులో ఉన్నవి 65 మాత్రమే. 1982లో అమెరికాలో జెన్‌బ్యాంక్ మొదలైంది. ఐరోపా, జపాన్ భాండాగారాలూ దానితో జతకలిసి, ఒకచోట చేరిన వరస మూడుచోట్లా కనిపించే ఏర్పాటు చేసుకున్నాయి. 1990లో ఆల్ట్‌షుల్, గిష్, మిల్లర్, మయర్స్, లిప్‌మన్ అనే అయిదుగురు, మనమిచ్చిన వరసకు పోలిక ఉన్నవాటిని భాండాగారంలో వేగంగా వెతికే బ్లాస్ట్ అనే ప్రోగ్రామును ప్రకటించారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ విద్యార్థి అయినా బోస్టన్‌లో ప్రొఫెసర్ అయినా అదే పేజీ తెరిచి, అదే పెట్టెలో తన సీక్వెన్స్ అతికించి, పైసా ఖర్చు లేకుండా అదే జవాబు పొందగలరు. జీవశాస్త్రం నడిచే ఏ ల్యాబ్‌కు వెళ్లినా, కొత్త సీక్వెన్స్ చేతికి రాగానే పక్కవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘బ్లాస్ట్ చేశావా?’ అనే. శాస్త్ర చరిత్రలో ఇంత శక్తిమంతమైన పరికరం ఇంతమందికి ఉచితంగా అందిన సందర్భాలు చాలా తక్కువ. దీని గురించి రాయడంలో నాకున్న ఉత్సాహం దాచుకోవాల్సింది కాదు.

కానీ ఒక తేడా నన్ను వదలడం లేదు. డీఎన్‌ఏ ముక్కకు లెక్కకు మించి నకళ్లు తీసే పీసీఆర్ పెట్టే ఏ పరిశోధక విద్యార్థి అయినా నమూనాల పక్కన డీఎన్‌ఏ వేయని ట్యూబు ఒకటి తప్పకుండా పెడతాడు. మిగతా రసాయనాలన్నీ అందులోనూ ఉంటాయి, డీఎన్‌ఏ బదులు ఉత్త నీళ్లు ఉంటాయి. ఆ నీళ్ల ట్యూబు ఫలితంలో కూడా డీఎన్‌ఏ ఉన్నట్టు చూపే గీత కనిపించిందంటే ఎక్కడో కల్తీ జరిగిందని అర్థం, ఆ రోజు పని మొత్తం పారబోయాల్సిందే. ఆ ట్యూబు లేకుండా ఫలితం చూపిస్తే గైడు ఒప్పుకోడు, పత్రిక అచ్చు వేయదు. అదే విద్యార్థి సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని బ్లాస్ట్ చేసి, జాబితాలో మొదటి వరసలో వచ్చిన పేరును తన ప్రొటీన్‌కు పెట్టేస్తాడు. ఇక్కడ నీళ్ల ట్యూబు ఏదని ఎవరూ అడగరు. కంప్యూటర్‌లో జరిగేదాన్ని మనం ప్రయోగంగా చూడటం లేదు, నిఘంటువు తిరగేసినట్టు చూస్తున్నాం. నిఘంటువులో మాట వెతికితే అర్థం దొరుకుతుంది. వరసల భాండాగారంలో వెతికితే దొరికేది ఒక కొలత. కొలతకు కంట్రోల్ కావాలి. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది ఇంతే. ఈ చిన్న విషయాన్ని వదిలేయడం వల్ల పెద్దపెద్ద వాళ్లు కూడా ఎలా పొరపడ్డారో చూస్తే, దీనికి ఒక అధ్యాయం కేటాయించడం ఎక్కువేమీ కాదని తెలుస్తుంది.

ముందు ఆ పరికరం పని ఎలా చేస్తుందో చూద్దాం. ప్రొటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాలతో కట్టిన దండ. ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరం గుర్తు. మనమిచ్చిన దండను బ్లాస్ట్ చిన్నచిన్న ముక్కలు చేసుకుంటుంది, ప్రొటీన్లయితే మూడేసి అక్షరాలు సాధారణం. ఆ ముక్కలుగానీ, వాటికి బాగా దగ్గరి ముక్కలుగానీ భాండాగారంలో ఎక్కడెక్కడ ఉన్నాయో వేగంగా పట్టుకుంటుంది. దొరికిన చోటి నుంచి రెండు వైపులా జరుగుతూ, అక్షరాలు కలిసినకొద్దీ మార్కులు కలుపుతూ, కలవనప్పుడు కోస్తూ పోతుంది. మార్కులు మరీ పడిపోతే అక్కడ ఆపేస్తుంది. భాండాగారమంతా అక్షరం అక్షరం పోల్చే పద్ధతులు 1970లోనూ 1981లోనూ వచ్చాయి, వాటిలో పొరపాటుకు తావు తక్కువ, కాలం మాత్రం చాలా పడుతుంది. బ్లాస్ట్ ఆ కచ్చితత్వంలో కొంత వదులుకుని వేగం సంపాదించింది. అంటే అసలు నిర్మాణంలోనే, కొన్ని పోలికలు తప్పిపోతే పోనీ అన్న రాజీ ఉంది.

మార్కులు వేసే తీరు మనకు బాగా తెలిసిన ఒక ఆచారంలాంటిదే. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు ముందు ఇంటిపేరు అడుగుతారు, ఆ వెంటనే ఊరు, గోత్రం. ఇంటిపేరు కలిసిందనగానే ఒకే కుటుంబం అయి ఉండొచ్చని తోస్తుంది. కానీ ఆ తోచడంలో హెచ్చుతగ్గులున్నాయి. జిల్లాకు వేలమంది పెట్టుకున్న ఇంటిపేరు కలిస్తే పెద్దగా పట్టించుకోం. ఎక్కడా విననిది, రెండు మూడు ఊళ్లకే పరిమితమైనది కలిసిందంటే మాత్రం వెంటనే తాతల పేర్లు అడుగుతాం. 1992లో హెనికాఫ్ దంపతులు తయారుచేసిన బ్లోసమ్-62 అనే మార్కుల పట్టిక సరిగ్గా ఈ లెక్కే వేస్తుంది. ప్రొటీన్లలో బాగా అరుదైన ట్రిప్టోఫాన్ రెండు వైపులా కలిస్తే 11 మార్కులు. ఎక్కడపడితే అక్కడ ఉండే అలనిన్ కలిస్తే 4. ఐసోల్యూసిన్ ఉండాల్సిన చోట దాని తోబుట్టువులాంటి వాలిన్ ఉంటే, అక్షరం వేరైనా 3 మార్కులు దక్కుతాయి, ఎందుకంటే పరిణామ క్రమంలో ఆ రెండూ ఒకదాని చోట ఒకటి తరచుగా వస్తుంటాయి. దశాబ్దాల పరిశీలన అంతా ఆ చిన్న పట్టికలో ఉంది.

అయితే ఎన్ని మార్కులు వస్తే చుట్టరికం ఉందనుకోవాలి? దీనికి బ్లాస్ట్ ఇచ్చే జవాబే ఈ-వాల్యూ. దీన్ని చాలామంది ‘తప్పయ్యే అవకాశం’ అని చదువుతారు. అసలు అర్థం అది కాదు. చుట్టరికమేదీ లేని అక్షరాల రాశిలో, కేవలం యాదృచ్ఛికంగా, ఇన్ని మార్కుల పోలికలు ఎన్ని కనిపిస్తాయని ఆశించవచ్చో ఆ సంఖ్య. కాబట్టి అది మన వరస పొడవు మీదా, వెతికిన భాండాగారం పరిమాణం మీదా ఆధారపడుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. 300 అక్షరాల ప్రొటీన్‌ను స్విస్-ప్రాట్ అనే ప్రొటీన్ల భాండాగారంలో వెతికామనుకుందాం. అందులో దాదాపు 5,70,000 ప్రొటీన్లు, మొత్తం సుమారు 20 కోట్ల అక్షరాలు. చిన్నచిన్న సవరణలు పక్కన పెడితే, 36 బిట్ల స్కోరు (మార్కులను ఒకే కొలమానానికి తెచ్చిన రూపం) ఉన్న పోలిక అందులో యాదృచ్ఛికంగానే ఒకటి దొరుకుతుంది. స్కోరు ఒక్కో బిట్టు పెరిగితే ఆ ఆశింపు సగమవుతుంది, కాబట్టి 46 బిట్లకు అది వెయ్యిలో ఒక వంతు, నమ్మదగినదే. అదే వరసను వెయ్యి రెట్లు పెద్ద భాండాగారంలో వెతికితే అవే 46 బిట్లకు ఈ-వాల్యూ మళ్లీ ఒకటి దగ్గరికి వచ్చేస్తుంది. వరస మారలేదు, పోలిక మారలేదు, స్కోరూ మారలేదు. ఎక్కడ, ఎప్పుడు వెతికారో చెప్పకుండా ఈ-వాల్యూ ఒక్కటే వ్యాసంలో రాయడం, తూకపు రాళ్లు చూపించకుండా బరువు చెప్పడమే. భాండాగారాలు ఏటికేడు పెరుగుతున్నాయి కాబట్టి, అయిదేళ్ల కిందటి ఈ-వాల్యూ ఈరోజు అదే సంఖ్యగా ఉండదు.

ఈ లెక్క తెలియకపోతే ఏమవుతుందో 2020 జనవరి 31న ప్రపంచం చూసింది. కొత్త కరోనా వైరస్ జన్యుక్రమం, 29,903 అక్షరాలు, అప్పటికి మూడు వారాలుగా అందరికీ అందుబాటులో ఉంది. ఢిల్లీకి చెందిన ఒక పరిశోధక బృందం దాని కొమ్ము ప్రొటీన్‌లో, పాత సార్స్ వైరస్‌లో లేని నాలుగు చిన్న ముక్కలు చొప్పించినట్టున్నాయని గమనించింది. ఆ ముక్కలను భాండాగారంలో వెతికితే నాలుగూ హెచ్ఐవీ ప్రొటీన్లతో కలిశాయని, ఇది యాదృచ్ఛికం అయ్యే అవకాశం తక్కువని సూచిస్తూ, ఇంకా ఎవరూ సమీక్షించని వ్యాసాన్ని బయటపెట్టింది. గంటల్లో అది లోకమంతా పాకింది, వైరస్‌ను ఎవరో ల్యాబ్‌లో కుట్టారన్న కథలకు ఊతమైంది. శాస్త్రవేత్తల అభ్యంతరాలు వెల్లువెత్తడంతో రెండు రోజుల్లో రచయితలే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఆ ముక్కల్లో ఒకటి ఆరు అక్షరాలది: టీ, ఎన్, జీ, టీ, కే, ఆర్. ఇరవై అక్షరాల లిపిలో ఆరక్షరాల మాటలు ఎన్ని రాయవచ్చు? ఇరవైని ఆరుసార్లు గుణిస్తే 6 కోట్ల 40 లక్షలు. స్విస్-ప్రాట్ ఒక్కదానిలోనే 20 కోట్ల అక్షరాలున్నాయి. అంటే మనం కళ్లు మూసుకుని ఏ ఆరక్షరాలు కూర్చినా, అవి ఆ చిన్న భాండాగారంలోనే యాదృచ్ఛికంగా ఇంచుమించు మూడుసార్లు కనిపిస్తాయి. పరిశోధకులు సాధారణంగా వెతికే భాండాగారం దానికి ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ ఆరక్షరాల ముక్క దొరకకపోతే ఆశ్చర్యపోవాలి. మరి హెచ్ఐవీలోనే ఎందుకు దొరికింది? భూమ్మీద అత్యధికంగా చదివిన వైరస్‌లలో అది ఒకటి, దాని వరసలు లక్షల సంఖ్యలో భాండాగారాల్లో ఉన్నాయి. పైగా దాని పై పొర ప్రొటీన్ మనిషి నుంచి మనిషికి మారిపోతూ ఉంటుంది. ఒక్క ప్రొటీన్‌కే లెక్కలేనన్ని రూపాలు భాండాగారంలో ఉన్నప్పుడు, చిన్న ముక్క ఏదైనా వాటిలో ఒకదానికి తగులుతుంది. ఈ వాదనను మరోవైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. ఆర్ఏటీజీ13 అనే గబ్బిలాల కరోనా వైరస్‌ను పక్కన పెట్టి చూస్తే, ఆ నాలుగు ముక్కల్లో మొదటి మూడూ దానిలోనూ ఉన్నాయి. హెచ్ఐవీ దాకా పోనక్కర్లేదు, దగ్గరి చుట్టమే జవాబు చెబుతోంది. అదే పొడవున్న ముక్కలను కొమ్ము ప్రొటీన్‌లో మరెక్కడినుంచైనా ఓ పది తీసుకుని అదే వెతుకులాట చేసి ఉంటే, అవి కూడా ఎవరెవరితోనో కలవడం కనిపించేది. ఆ పది ముక్కలే ఇక్కడ నీళ్ల ట్యూబు.

ఆరక్షరాల దగ్గర జరిగే పొరపాటు అందరికీ సులువుగా అర్థమవుతుంది. పూర్తి నిడివి ప్రొటీన్లతో, అద్భుతమైన ఈ-వాల్యూలతో జరిగే పొరపాటు ఇంతకంటే లోతైనది, నాకు ఇంతకంటే ముఖ్యమైనది. 2001 ఫిబ్రవరిలో మానవ జన్యుక్రమం తొలి ముసాయిదా అచ్చయినప్పుడు, మన జన్యువుల్లో వందలాది నేరుగా బ్యాక్టీరియా నుంచి వెన్నెముక జీవుల్లోకి దూకి ఉండొచ్చని అందులో రాశారు. ఆధారం పోలికే. మనిషిలో ఉంది, బ్యాక్టీరియాలో ఉంది, నడుమనున్న ఈగలో, నులిపురుగులో, ఈస్ట్‌లో లేదు. కాబట్టి మధ్యలో ఎవరినీ తాకకుండా వచ్చి ఉండాలి. నాలుగు నెలలు తిరక్కుండానే స్టీవెన్ సాల్జ్‌బర్గ్, తోటి పరిశోధకులు ఆ జాబితాను మరిన్ని జీవుల వరసలతో పోల్చి చూశారు. కొత్త జీవిని కలిపినప్పుడల్లా జాబితా కుంగుతూ పోయి 40 దగ్గర తేలింది. ఆ మిగిలినవి కూడా ఇంకొన్ని జీవుల క్రమాలు వస్తే కరిగిపోవచ్చని వాళ్లు వాదించారు. నిజానికి చాలా జన్యువులు ఉమ్మడి పూర్వీకుల నుంచే అందరికీ వచ్చాయి, ఈగా నులిపురుగూ వాటిని తర్వాత పోగొట్టుకున్నాయి. 2001లో భాండాగారంలో ఉన్న జంతువులే బహు కొద్ది. చుట్టాల్లో సగంమంది పెళ్లికి రాకపోతే, వచ్చినవాళ్లలో దగ్గరగా కూర్చున్నవాణ్ణే మేనమామ అనుకున్నట్టయింది. అక్కడ ఈ-వాల్యూలో తప్పేమీ లేదు. భాండాగారంలో లేనివాళ్ల గురించి ఈ-వాల్యూ ఏమీ చెప్పలేదు, అంతే.

పద్నాలుగేళ్ల తర్వాత ఇదే కథ ఇంకో రూపంలో వచ్చింది. నాచులో, తడిలో బతికే, ఎనిమిది కాళ్ల, మిల్లీమీటరు కూడా లేని నీటి ఎలుగు అనే జీవి ఎండినా గడ్డకట్టినా చావదు. 2015 నవంబరులో అమెరికాలోని ఒక బృందం దాని జన్యుక్రమాన్ని ప్రచురిస్తూ, దాని జన్యువుల్లో ఆరో వంతు ఇతర జీవుల నుంచి, ముఖ్యంగా బ్యాక్టీరియా నుంచి, అరువు తెచ్చుకున్నవని ప్రకటించింది. ఎడిన్‌బరోలో మార్క్ బ్లాక్స్టర్ బృందం అదే జీవి క్రమాన్ని విడిగా చదివి ఉంచుకుంది. రెండింటినీ పోలిస్తే, అరువు అనుకున్న వాటిలో అధిక భాగం నీటి ఎలుగువి కానేకావని తేలింది. అవి ఆ జీవి ఒంటిమీదా, కడుపులోనూ, పెంచిన నీళ్లలోనూ ఉన్న బ్యాక్టీరియా డీఎన్‌ఏ. నిజంగా పరాయివని చెప్పదగినవి ఒకటి రెండు శాతం మించవు. బ్లాస్ట్ ఇక్కడ పూర్తిగా నిజం చెప్పింది: ఇది బ్యాక్టీరియా జన్యువే అంది. ఆ జన్యువు ఎవరి ఒంట్లో ఉందన్న ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పలేదు.

పోలిక ఉండి చుట్టరికం లేకపోవడం ఒక వైపైతే, చుట్టరికం ఉండీ పోలిక కనిపించకపోవడం రెండో వైపు. కంది మొక్కనో పెసర మొక్కనో పీకి, వేరుబుడిపెను గోటితో చిదిమి చూస్తే లోపల లేత ఎరుపు రంగు ఉంటుంది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్‌కూ దానికీ మూలపురుషుడు ఒకరే. రెండూ ఒకే ఆకారంలో ముడుచుకుంటాయి, నడుమ ఇనుమున్న హీమ్‌ను ఒకే తీరున పట్టుకుంటాయి. అక్షరాలు మాత్రం నాలుగో వంతు కూడా కలవవు. ఇంత దూరపు చుట్టాలను మామూలు బ్లాస్ట్ తరచుగా చేజార్చుకుంటుంది. 1997లో వచ్చిన సై-బ్లాస్ట్ మొదటి విడతలో దొరికిన వాటన్నిటినీ కలిపి ఒక ఉమ్మడి రూపురేఖ తయారు చేసుకుని, దానితో మళ్లీ వెతుకుతుంది, అలా వీళ్లను పట్టుకోగలదు. కాబట్టి ‘ఏ పోలికా దొరకలేదు, ఇది సరికొత్త ప్రొటీన్’ అని రాసేముందు, చుట్టరికం ఉందని ముందే తెలిసిన దూరపు జంట ఒకదాన్ని అదే పద్ధతిలో వెతికి చూడాలి. ఆ జంటనే పట్టుకోలేని వల, చెరువులో చేపలు లేవని చెబితే నమ్మేదెలా?

ఇక పేర్ల సంగతి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుక్రమం 2012లో అచ్చయింది. అందులో అంచనా వేసిన జన్యువులు 48,680. ఒక్కో జన్యువు పని ఏమిటో ఒక్కొక్కదాని మీద ప్రయోగం చేసి చెప్పడం ఏ దేశానికీ సాధ్యం కాదు. అలాంటి ఏ పంట విషయంలోనైనా పేర్లలో అధిక భాగం ముందే తెలిసిన మొక్కల జన్యువులతో పోల్చి పెట్టినవే అవుతాయి. అది తప్పు కాదు, ఆ పేర్లు లేకపోతే వంగడాలు తయారుచేసేవాళ్లకు పని మొదలుపెట్టే దారే ఉండదు. చిక్కెక్కడంటే, పోలికతో పెట్టిన పేరు భాండాగారంలోకి వెళ్లాక, ప్రయోగంతో తేల్చిన పేరు పక్కన అంతే ధీమాగా కూర్చుంటుంది. రేపు ఇంకొకరు తమ ప్రొటీన్‌ను వెతికినప్పుడు ఆ పేరే మొదటి వరసలో వస్తుంది, అక్కడి నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. 2009లో ఎంజైముల 37 కుటుంబాలను జల్లెడపట్టిన ఒక అధ్యయనంలో, మనుషులు కూర్చుని సరిచూసే స్విస్-ప్రాట్‌లో తప్పుడు పేర్లు దాదాపు లేవు. యంత్రాలే పేర్లు పెట్టే పెద్ద భాండాగారాల్లో కొన్ని కుటుంబాల్లో 80 శాతం పైగా పేర్లు తప్పు. అదే పరికరం, అవే వరసలు. తేడా తెచ్చింది మనిషి కన్ను. జెనీవాలో అమోస్ బైరోక్ 1986లో స్విస్-ప్రాట్‌ను మొదలుపెట్టినప్పటి నుంచి ఒక్కో వ్యాసం చదివి ఒక్కో ప్రొటీన్ పేజీ నింపుతున్న సంపాదకుల పేర్లు ఏ బహుమతి జాబితాలోనూ రావు. ఆధునిక జీవశాస్త్రం నిలబడి ఉన్న మట్టిని చదును చేసింది వాళ్లే అని నా నమ్మకం.

పేర్లు చెడేది వెతుకులాటలోనే కాదు, ఆ ఫలితాన్ని దాచుకునేటప్పుడు కూడా. సెప్ట్-2 అనే జన్యువు పేరును ఎక్సెల్ సెప్టెంబరు 2గా మార్చేసేది, మార్చ్-1ను మార్చి 1గా. 2016లో లెక్క తీస్తే, జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన వ్యాసాల్లో సుమారు అయిదో వంతు ఇలా పాడైనవే. చివరికి 2020లో పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చాల్సి వచ్చింది.

ఇంతవరకు చదివినవారికి కొన్ని అభ్యంతరాలు కలగడం సహజం. మొదటిది: ఇన్ని మెలికలున్న పరికరాన్ని అందరి చేతికీ ఇవ్వడమెందుకు, నిపుణులకే వదిలేస్తే పోలేదా? నేను ఒప్పుకోను. పైన చెప్పిన పొరపాట్లను పట్టుకుంది ఎవరో చూడండి. హెచ్ఐవీ కథను కూల్చినవాళ్లు వాడింది అదే ఉచిత బ్లాస్ట్‌ను, అదే బహిరంగ భాండాగారాన్ని. నీటి ఎలుగు మీద జవాబు కొద్ది రోజుల్లోనే రావడానికి కారణం రెండు బృందాల డేటా కూడా అందరికీ కనిపించేలా ఉండటమే. మూసిపెట్టిన భాండాగారంలో పొరపాట్లు తగ్గవు, బయటపడటం తగ్గుతుంది. పైగా నిపుణులకు వదిలేయడం అనేది ఆచరణలో మారుమూల విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లకు తలుపు వేయడమే అవుతుంది. వాళ్లకు ప్రోగ్రాములు రాయడం రావాల్సిన పనిలేదు. పీసీఆర్ యంత్రం లోపలి తీగలు తెలియకపోయినా నీళ్ల ట్యూబు ఎందుకు పెట్టాలో తెలిసినట్టే, ఈ పరికరం దేన్ని కొలుస్తోందో తెలిస్తే చాలు.

రెండో అభ్యంతరం బలమైనది: కంప్యూటర్ చెప్పింది ఎలాగూ తర్వాత ల్యాబ్‌లో పరీక్షిస్తారు, అక్కడ తప్పు బయటపడుతుంది కదా? కొన్నిసార్లు పడుతుంది. కానీ ఏ పరీక్ష చేయాలో నిర్ణయించేది కంప్యూటర్ చెప్పిన పేరే. కైనేజ్ అనే రకం ఎంజైమని పేరు పడిన ప్రొటీన్‌కు కైనేజ్ పరీక్షే చేస్తారు. అది పనిచేయకపోతే ఉష్ణోగ్రత మార్చి, లవణాలు మార్చి, రెండేళ్లు గడిపి, చివరికి ఫలితం రాలేదని పక్కన పెడతారు. రాని ఫలితాన్ని ఎవరూ అచ్చు వేయరు కాబట్టి భాండాగారంలో ఆ పేరు అలాగే ఉండిపోతుంది. ఇంకొకరు ఇంకో రెండేళ్లు గడుపుతారు. వేల జన్యువుల జాబితాలు తయారయ్యే చోట అయితే పేరుపేరునా పరీక్షించడం అన్న మాటే లేదు.

మూడోది ఈ కాలపు అభ్యంతరం. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాము వచ్చింది, 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలను ఊహించి ఇచ్చింది, 2024లో దాని రూపకర్తలు హసాబిస్, జంపర్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ కూడా వచ్చింది. ఆకారమే తెలిసిపోతుంటే అక్షరాల పోలికతో కుస్తీ ఎందుకు? ఆల్ఫాఫోల్డ్ నిజంగా గొప్ప విజయం. లెగ్‌హిమోగ్లోబిన్‌లాంటి దూరపు చుట్టాలను ఆకారం ద్వారా పట్టుకోవడం ఇప్పుడు మునుపటికంటే ఎంతో సులువు. అయితే దాని లోపల మొదట జరిగే పని, ఇచ్చిన వరసకు చుట్టాలను భాండాగారాల్లో వెతికి వరసలో నిలబెట్టడమే. చుట్టాలు దొరకని చోట దాని జవాబూ తరచుగా బలహీనపడుతుంది. ఆ సంగతి అది దాచదు. ప్రతి అమైనో ఆమ్లం దగ్గరా తన నమ్మకాన్ని 100కు ఇంత అని చెబుతుంది. 90 దాటితే ముదురు నీలం, 50 లోపైతే నారింజ రంగు. నారింజ రంగు పోగులను చూసి మందుల అణువులు అతికించడం మొదలుపెడితే ఆ తప్పు ఆల్ఫాఫోల్డ్‌ది కాదు.

ప్రొటీన్ ఆకారాల రంగం ఈ విషయంలో ఎప్పుడో దారి చూపింది. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ కలిసి, ప్రొటీన్ దండ ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొంటాయో లెక్కగట్టి ఒక పటం గీశారు. ఇవాళ ప్రపంచంలో ఎవరు ఏ ప్రొటీన్ ఆకారం కనిపెట్టినా దాన్ని ఆ పటం మీద పెట్టి చూస్తారు. నిషిద్ధ ప్రాంతాల్లో చుక్కలు ఎక్కువ పడితే సమీక్షకులు అడుగుతారు, రచయిత జవాబు చెప్పాలి. అది అలవాటైపోయింది, దాన్ని భారమని ఎవరూ అనడం లేదు. వరసల వెతుకులాటకు అలాంటి అలవాటు ఇంకా ఏర్పడలేదు. ఏర్పడటానికి పెద్ద ఖర్చేమీ లేదు. మన ప్రొటీన్‌లోని అక్షరాలనే పేకముక్కల్లా కలిపేసి, అవే అక్షరాలు అంతే సంఖ్యలో కొత్త వరసలో పేర్చి, అదే భాండాగారంలో అవే సెట్టింగులతో వెతకాలి. చిందరవందర చేసిన ఆ వరసకు వచ్చిన మార్కులు, అసలు వరసకు వచ్చిన మార్కుల దరిదాపుల్లో ఉంటే మనకు దొరికింది చుట్టరికం కాదు, అక్షరాల వాటా. ఒకే అక్షరం పదేపదే వచ్చే ప్రొటీన్లలో ఇది తరచూ జరుగుతుంది. దొరికిన చుట్టాన్ని తిరిగి మన జీవి జన్యువుల్లో వెతికి, అది మన ప్రొటీన్ దగ్గరికే వస్తుందో లేదో చూడటం రెండో పని. భాండాగారం పేరు, వెతికిన తేదీ వ్యాసంలో రాయడం మూడోది. మూడింటికీ కలిపి అరగంట పడుతుంది.

ఇంకొకటి, పేరును నమ్మేముందు ఆ పేరు పెట్టిందెవరో చూడటం. స్విస్-ప్రాట్ భాగంగా ఉన్న యూనిప్రాట్ భాండాగారంలో ఏ ప్రొటీన్ పేజీ తెరిచినా పైభాగంలోనే, అది ఉందనడానికి ఆధారమేమిటో అయిదు మెట్లలో ఒక మెట్టు రాసి ఉంటుంది. మొదటి మెట్టు ప్రొటీన్‌నే ప్రయోగంలో చూశామని, మూడోది చుట్టరికాన్ని బట్టి అనుకున్నామని, అయిదోది అనుమానమేనని. కొంచెం కిందికి వస్తే దాని పనుల జాబితా, ఒక్కో పని పక్కన మూడక్షరాల చిన్న గుర్తు. ఐడీఏ అని ఉంటే ఎవరో ఆ ప్రొటీన్ మీదే పరీక్ష చేశారు, ఆ వ్యాసం లింకు పక్కనే ఉంటుంది, తెరిచి చదవొచ్చు. ఐఈఏ అని ఉంటే యంత్రం పెట్టింది, మనిషి ఎవరూ చూడలేదు. పంట మొక్కల పేజీల్లో ఐఈఏలే వరసగా కనిపిస్తాయి. వాటి మధ్యలో ఎక్కడో ఒక ఐడీఏ తగులుతుంది. వెతుకులాట ఫలితాల్లో ఎంత కిందనున్నా, ముందు తెరవాల్సిన పేజీ అదే.